ఎడమచేతి వైపు గోడ

శంషాబాద్ పాత ఊళ్ళో, జాతీయ రహదారికి కాస్త లోపలగా ఉన్న ఆ ఇంటికి మెట్లు పద్దెనిమిది. తొమ్మిది ఎక్కితే ఓ మలుపు, మళ్ళీ తొమ్మిది. కట్టించింది లెక్కల మాస్టారు కనుక రెండు వరుసలూ సమానం. 1993 నుంచీ ఆ మెట్ల గురించి ఇంట్లో ఎవరూ పెద్దగా ఆలోచించింది లేదు. ఉన్నాయి, ఎక్కుతున్నారు, దిగుతున్నారు. అంతే.

కిందటి వేసవిలో మాస్టారి భార్యకు పక్షవాతం వచ్చింది. మాట దక్కింది. కాలు నెమ్మదిగా దారికొస్తోంది. కుడిచెయ్యి మాత్రం భుజం దాకా లేస్తుంది గానీ పిడికిలి బిగుసుకోదు. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజున ఇద్దరు మనుషులు ఆమెను కుర్చీతో సహా పైకి మోశారు. ఆ తర్వాత రెండు నెలలు ఆమె కిందికి రాలేదు.

కింది వాటాలో అద్దెకుంటున్న వాళ్ళున్నారు, ఎయిర్‌పోర్టులో ఉద్యోగం. 2008 మార్చి 23న బేగంపేట నుంచి విమానాలన్నీ ఇటు తరలివచ్చాక ఆ వీధిలో కింది గదులకు గిరాకీ పెరిగింది. ఆ అద్దె మాస్టారి పింఛనుకు తోడు. అయినా ఆయన అన్నారు: "వాళ్ళను ఖాళీ చెయ్యమందాం. మనమే కిందికి దిగుదాం."

"ఎందుకు? నేను ఎక్కలేననే కదా" అందామె. "ఎక్కుత. పట్టుకునేటందుకు ఏదన్న ఉంటే చాలు. డాబా మీద నా మల్లెచెట్టుకు నీళ్ళెవరు పోస్తరు?"

ఆ మాట దగ్గరే అసలు కథ మొదలైంది. మెట్లకు లోపలివైపు ఇనుప గ్రిల్లు ఉంది. అది ఎక్కేటప్పుడు కుడిచేతికి, దిగేటప్పుడు ఎడమచేతికి వస్తుంది. మామూలు మనిషికి ఒకవైపు ఆసరా ఉంటే సరిపోతుంది. ఒక చెయ్యే పనిచేసే మనిషికి సరిపోదు. దిగేటప్పుడు గ్రిల్లు ఆమెను కాస్తుంది. ఎక్కేటప్పుడు ఎడమవైపు మిగిలేది గోడ ఒక్కటే. ఫిజియోథెరపీ చేయించే అబ్బాయి చెప్పేదాకా, ఇన్నేళ్ళు లెక్కలు చెప్పిన మాస్టారికి ఈ చిన్న సంగతి తట్టలేదు.

నిజానికి ఆ గోడకు ఒకప్పుడు ఆసరా ఉండేది. 1994లో మోకాళ్ళ నొప్పులతో బాధపడుతున్న తండ్రి కోసం జుమ్మేరాత్ బజారు నుంచి ఓ పాత టేకు బద్ద తెచ్చి బిగించారు. పాతబస్తీలో కూల్చిన ఏదో ఇంటి సామాను అది. దాన్ని మోసే పోత ఇనుము బ్రాకెట్లు కూడా అక్కడివే. తండ్రి పోయాక ఎవరూ దాన్ని పట్టుకోలేదు, పట్టించుకోలేదు. ఇప్పుడు మాస్టారు వెళ్ళి గట్టిగా లాగితే సగం బద్ద చేతిలోకొచ్చింది. లోపలంతా చెదలు. మేకులు దిగడానికి గోడలో కొట్టిన కొయ్య బిరడాల్లోంచి దారి చేసుకుని, బ్రాకెట్ల వెనకగా టేకులోకి పాకాయి.

సరే, కొత్తది వేద్దాం అనుకున్నారు. పాతది మూడంగుళాల వెడల్పు. దాని మీద చెయ్యి ఆనించవచ్చు గానీ చుట్టూ వేళ్ళు బిగించడం కుదరదు. కాలు జారినప్పుడు మనిషిని ఆపేది బిగిసిన పిడికిలే. కేంద్ర ప్రభుత్వం వికలాంగుల సౌకర్యాల కోసం వెలువరించిన మార్గదర్శకాల్లో కూడా చేతిపట్టు గుండ్రంగా, 38 నుంచి 45 మిల్లీమీటర్ల మందంలో ఉండాలని, గోడకూ దానికీ నడుమ కనీసం 50 మిల్లీమీటర్ల సందు ఉండాలని చెప్పారు. మాస్టారు ఆ అంకెలు ఓ పాత డైరీలో రాసుకుని, ఒకటిన్నర అంగుళాల స్టీలు పైపు తెచ్చేశారు. పైపు దొరకడం పది నిమిషాల పని. అది గోడకు నిలవాలంటే బ్రాకెట్లు కావాలి. వాటికి ఇరవై రోజులు పట్టింది.

పాత బ్రాకెట్లకు పైన బల్లపరుపు పీట ఉంది. గుండ్రటి పైపు దాని మీద దొర్లుతుంది. శంషాబాద్‌లో హార్డ్‌వేర్ దుకాణాయన "బ్రాకెట్టా సార్?" అని కర్టెన్ రాడ్లవి బల్ల మీద పరిచాడు. మరో కొట్లో అలమరా చెక్కలకు వేసేవి చూపించారు. మూడోచోట నీళ్ళ పైపుల క్లాంపులు ఇచ్చి, "గిదే సార్, పైపుకు గట్టిగ పడ్తది" అన్నారు. మాస్టారికీ అది బాగానే ఉందనిపించింది. పన్నెండు కొనుక్కొచ్చారు. భార్య ఒకటి చేతిలోకి తీసుకుని, పైపు ముక్కకు తొడిగి, దాని మీదుగా ఎడమచెయ్యి జరిపి చూసింది. క్లాంపు దగ్గర చెయ్యి ఆగిపోయింది.

"ఇక్కడ వదిలి మళ్ళ అవతల పట్టుకోవాల్నా?" అందామె.

ఆసరా అంటే ఇంతకన్నా బాగా ఇంజినీర్లు కూడా చెప్పలేరేమో! రెండు చేతులున్న వాళ్ళకు ఒకటి వదిలితే ఇంకొకటి ఉంటుంది. ఆమెకు వదలడమంటే ఏమీ లేకుండా నిలబడడమే. చెయ్యి కింది మెట్టు దగ్గర పట్టుకుంటే పై మెట్టు దాకా వదలకుండా జారుతూ పోవాలి. అంటే బ్రాకెట్టు పైపును చుట్టుకోకూడదు. గోడలోంచి వచ్చి, వంగి, కింది నుంచి మాత్రమే మొయ్యాలి.

ఆ వారంలోనే అమెరికా వెళ్తున్న బంధువును సాగనంపడానికి మాస్టారు ఎయిర్‌పోర్టుకెళ్ళారు. ఐదువేల పైచిలుకు ఎకరాల్లో ఉన్న ఆ విమానాశ్రయంలో చూడ్డానికి ఎన్నో ఉంటే, ఆయన ఓ మెట్ల దగ్గర నడుం వంచి రైలింగు అడుగున తొంగిచూస్తున్నారు. తుపాకీ పట్టుకున్న జవాను రెండుసార్లు అటు చూసి, మూడోసారి దగ్గరికొచ్చి "క్యా హువా అంకుల్?" అన్నాడు. బ్రాకెట్ల సంగతి హిందీలో చెప్పడం ఆయన వల్ల కాలేదు. "కుఛ్ నహీ" అని వచ్చేశారు. కానీ చూడవలసింది చూశారు. కడ్డీ కింది నుంచే వచ్చింది.

ఆరాంఘర్ మీదుగా అఫ్జల్‌గంజ్ బస్సెక్కి బేగంబజార్ వెళ్ళారు. ఇంకో రోజు రాణిగంజ్. అక్కడ ఒక కొట్లో అచ్చం కావలసినలాంటివి నాలుగు ఉన్నాయి. ఆయనకు కావలసినవి పదకొండు. ఇంకోచోట సరుకుంది గానీ సందు అంగుళంన్నరే. పిడికిలి గోడకు గీసుకుంటుంది. ఎక్కడికెళ్ళినా అద్దాల రైలింగు సామాను మాత్రం మెరుస్తూ ఉంది. ఇళ్ళు అందంగా కనిపించడానికి వంద రకాలున్నాయి గానీ, ఒక ముసలి చెయ్యి పట్టుకోవడానికి పదకొండు ముక్కలు లేవు.

ఒక దుకాణదారు అయస్కాంతం పెట్టి చూపించాడు. "అంటుకోలేదు చూడండి, అసలైన 304." మాస్టారు నవ్వి ఊరుకున్నారు. 304లో ఇంచుమించు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. నికెల్ తగ్గించి మాంగనీసు పెంచిన చవక రకం 202కూ అయస్కాంతం అంటుకోదు. తడి తగిలేచోట దానికి తుప్పు మరకలు త్వరగా వస్తాయి. ఆ ఇంటి మెట్లకేమో వానజల్లు కొడుతుంది.

చివరికి పరిష్కారం ఇంటికి అర కిలోమీటరు దూరంలో, గేట్లూ గ్రిల్లులూ చేసే షెడ్డులో దొరికింది. ఇన్నాళ్ళూ ఆయన దాని ముందు నుంచే బస్సుకు వెళ్తున్నారు. డైరీలో బొమ్మ చూసి ఆ వెల్డింగు కుర్రాడు, "పీట ఎందుకు సార్? రాడే వంచి పైపు అడుగున ఆర్గాన్ వెల్డింగు పెడ్తా. గోడకు గుండ్రం ప్లేటు, మూడు బొక్కలు" అన్నాడు. పన్నెండు మిల్లీమీటర్ల స్టీలు కడ్డీ వంచి నమూనా చేశాడు. బస్సు ఛార్జీలు లెక్కేసుకుంటే మాస్టారికి కొంచెం సిగ్గేసింది.

ఎత్తు ఎంతన్నది ఇంకో ప్రశ్న. తండ్రి పొడగరి, ఆయనకు మూడడుగులు పెట్టారు. ఈమె ఐదడుగులకు ఓ అంగుళం తక్కువ. ఇద్దరు పట్టుకోగా ఆమెను మెట్టు మీద నిలబెట్టి, మోచెయ్యి కొద్దిగా వంగి చెయ్యి హాయిగా ఆగినచోట సుద్దముక్కతో గీత గీశారు. ముప్ఫై మూడు అంగుళాలు. దానివల్ల ఇంకో లాభం, చెదలు తిన్న పాత రంధ్రాల జోలికి వెళ్ళనక్కర్లేదు. వాటిని మందు కొట్టించి సిమెంటుతో పూడ్చారు. కొత్త రంధ్రాలు ఇటుకలోకి పడాలి, ఇటుకల మధ్య సున్నంలోకి కాదు. డ్రిల్లు ఎర్రపొడి కక్కితే సరే, తెల్లపొడి వస్తే కాస్త జరిపి మళ్ళీ. కొయ్య బిరడాల స్థానంలో నైలాన్ గిట్టీలు వచ్చాయి. పైపు మొదటి మెట్టుకు ఓ అడుగు ముందే మొదలై, మలుపు దగ్గర తెగకుండా తిరిగి, చివరి మెట్టు దాటాక ఓ అడుగు దాకా సాగింది. పని అయ్యాక కుర్రాడు పైపు పట్టుకుని రెండు కాళ్ళూ పైకెత్తి వేలాడాడు. గోడ పలకలేదు.

మర్నాడు పొద్దున, ఎండ రాకముందే, ఆమె మెల్లగా కిందికి దిగింది. గ్రిల్లు ఎడమచేతిలో ఉంది. కింది వాటా వాళ్ళ పాప గుమ్మంలో కూర్చుని చూస్తోంది. ఓ నిమిషం ఆగి, వెనక్కి తిరిగి, గోడవైపు పైపు అందుకుంది. మాస్టారు ఒక మెట్టు వెనకగా, ముట్టుకోకుండా, రెండు చేతులూ చాపి నడిచారు. తొమ్మిది. మలుపు. చెయ్యి వదలలేదు. ఇంకో తొమ్మిది ఎక్కడానికి అంతకు రెట్టింపు సేపు పట్టింది. పైన ఆ అడుగు మిగులును పట్టుకుని నిలబడి ఊపిరి తీసుకుంది. ఇంటి మీదుగా ఏదో విమానం వెళ్ళింది. ఇద్దరూ తలెత్తలేదు.

ఇంట్లోకి అడుగు వెయ్యబోతే వెనక నుంచి ఎవరో లాగినట్టయింది. చీర చెరగు పైపు చివర తెగిన అంచుకు తగులుకుంది. మాస్టారు నెమ్మదిగా విడదీశారు. ఆ మార్గదర్శకాల్లో ఇంకో ముక్క కూడా ఉంది: కొసలు గుండ్రంగా ఉండాలి, లేదా గోడవైపు మళ్ళాలి. డైరీలో రాసుకోవడం మరచిపోయింది అదొక్కటే.

"దీనికిప్పుడు మూత వెతకాల్నా?" అందామె.

"మూత కాదు, వంపు" అన్నారాయన. సంచీ తీసుకుని, ఈసారి నేరుగా వెల్డింగు షెడ్డు వైపు నడిచారు.