అడ్డపంచెతో గూడూరు వీధుల్లో

ఒక ఊరిని తెలుసుకోవాలంటే ఆ ఊరి రైల్వే స్టేషనులో అరగంట కూర్చుంటే చాలునంటారు. గూడూరు విషయంలో ఈ మాట నిజమే. నెల్లూరుకు దక్షిణాన సుమారు 38 కిలోమీటర్ల దూరంలో, చెన్నై–విజయవాడ పెద్ద లైను మీద ఉన్న జంక్షన్ ఇది. రేణిగుంట వైపు పోయే లైను ఇక్కడే చీలుతుంది. ప్లాట్‌ఫారం బల్ల మీద కూర్చొని వచ్చేపోయేవారి కట్టుబట్టలను గమనిస్తే ఊరి కథ సగం అర్థమవుతుంది. ఉద్యోగస్తుల ప్యాంట్లు, తిరుపతి యాత్రికుల పంచెలు, మూటలు మోసేవారి మోకాళ్ళ పైకి మడిచిన గళ్ళ లుంగీలు. అయితే తెల్ల పంచె కట్టినవారిని మాత్రం ఈ రోజుల్లో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అలా కట్టినవారిలోనూ ఎక్కువమంది తల నెరసిన పెద్దలే.

ఈ ఊళ్ళో నేను రోజూ పంచెతోనే తిరుగుతాను. గోచీ పోసి కట్టే ఎనిమిది మూరల పంచె కాదు. నడుం చుట్టూ తిప్పి దోపుకొనే నాలుగు మూరల అడ్డపంచె. నెల్లూరు సీమ ఎండల్లో దీనికి మించిన సుఖం మరొకటి లేదు. గాలి ఆడుతుంది, చెమట ఆరుతుంది, ఉతికితే గంటలో ఎండుతుంది. బట్ట గురించి చెప్పవలసింది ఇంతే. దాన్ని కట్టుకొని వీధిలోకి వెళ్ళినప్పుడు నలుగురూ అనే మాటల సంగతే అసలు కథ.

"ఏందన్నా, పెండ్లికా?" అని కిళ్ళీ కొట్టు దగ్గర ఒకరు. "ఎలక్షన్లకు నిలబడుతున్నారా సార్?" అని నిమ్మకాయల మార్కెట్టులో మరొకరు. "మీది అరవ దేశమా?" అని బస్సులో పక్కసీటు ఆయన. లుంగీ కట్టుకొని కనబడితే మాత్రం, "ఒంట్లో బాగాలేదా?" అని అడుగుతారు. ఇవన్నీ నవ్వుతూ అడిగే మాటలే. నవ్వుతూనే జవాబు చెప్పాలి. "పెండ్లి కాదు, ఎలక్షను కాదు నాయనా, ఎండ!" అంటే వారూ నవ్వుతారు, మాట అక్కడితో తీరిపోతుంది. రెండో వారం అడిగేవారు తగ్గుతారు. నెల తిరిగేసరికి, ప్యాంటు వేసుకొస్తేనే "ఏమైంది?" అని అడుగుతారు.

వేరే రకం చూపు కూడా ఉంది. ఒక ఆఫీసులో కుర్చీలు ఖాళీగా ఉన్నా పంచె చూసి "అక్కడ నిలబడండి" అన్నారు. అప్పుడు కోపగించుకొని లాభం లేదు, తల వంచుకొని వెనక్కి రావలసిన పనీ లేదు. కాగితం చేతికిచ్చి, కావలసింది స్పష్టంగా చెప్పి, నెమ్మదిగా కుర్చీలో కూర్చోవాలి. బట్ట శుభ్రంగా ఉండి, మాట మర్యాదగా ఉంటే ఎదుటివారు అభ్యంతరం చెప్పడానికి ఏమీ మిగలదు.

కొత్తగా పంచె కట్టేవారికి రెండు మూడు జాగ్రత్తలు చెబుతాను. లోపల నిక్కరు తప్పక ఉండాలి. మోటారు సైకిలు ఎక్కేముందు అంచు చక్రంలో పడకుండా పైకి మడిచి దోపుకోవాలి. కట్టు జారుతుందనే భయం ఉంటే నడుముకు వెడల్పాటి బెల్టు పెట్టుకోవాలి. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఒక చెయ్యి పంచె మీద ఉండడం మంచిది.

పంచె కట్టేవారికి ఒక మర్యాద ఉంది. పని చేసేటప్పుడు పైకి మడిచి కడతాం. పెద్దలు ఎదురైతే, స్త్రీలు వస్తే, గుడిలో అడుగు పెడితే వెంటనే దించుతాం. ఇది ఎంతో అందమైన అలవాటు. నోరు తెరవకుండానే "మీరంటే నాకు గౌరవం" అని చెప్పినట్లు. కానీ ఈ పంచెకే చేదు చరిత్ర కూడా ఉంది. మన తాతముత్తాతల కాలంలో దళితవాడల పురుషులు చాలా ఊళ్ళలో పంచెను మోకాళ్ళ కిందికి దించి కట్టడానికి వీలు లేదు. ఊరి వీధిలో చెప్పులు చేతబట్టుకోవాలి. భుజం మీది కండువాను తీసి నడుముకు చుట్టుకోవాలి. ప్రేమతో పంచె దించడం మర్యాద. పంచె దించనివ్వకపోవడం అణచివేత. బట్ట ఒక్కటే, దాని వెనుక ఉన్న మనసు వేరు.

1860లలో జర్మనీ దేశపు హెర్మన్స్‌బర్గ్ నుంచి లూథరన్ మిషనరీలు ఈ సీమకు వచ్చారు. మైలియస్ దొరగారు సూళ్ళూరుపేటలో పని ఆరంభించారు. తరువాత నాయుడుపేట, గూడూరు ప్రాంతాలకు సువార్త వ్యాపించింది. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత అమెరికా లూథరన్లు ఈ సేవను చేపట్టారు. నేటి దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘము ఆ విత్తనం నుంచి మొలిచినదే. ఉత్తరాన నెల్లూరులో 1840 నుంచి అమెరికన్ బాప్టిస్టుల సేవ ఉంది. వారం రోజులు పొలంలోనో, సైదాపురం వైపు అభ్రకం గనుల్లోనో ఒళ్ళు వంచి పని చేసిన మనిషి ఆదివారం నాడు ఉతికిన తెల్ల పంచెను పాదాల దాకా దించి కట్టుకొని దేవుని మందిరానికి నడవడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. అది అతని సాక్ష్యం. "నేనూ దేవుని స్వరూపంలో చేయబడిన మనిషినే" అని ఆ పంచె ఊరందరికీ చెప్పింది. ఆ పంచెను ఈనాడు మన పిల్లలు నామోషీ అనుకుంటే వారికి ఈ కథ చెప్పవలసిన బాధ్యత మనదే.

గూడూరు నుంచి తూర్పుగా కోట, వాకాడు మీదుగా సముద్రం వైపు ప్రయాణం చేస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. వాకాడు దగ్గర స్వర్ణముఖి దాటి దుగరాజపట్నం చేరతాం. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు 1626 నాటికే ఇక్కడ వర్తక స్థావరం పెట్టారు. దాన్ని వారు ఆర్మగాన్ అన్నారు. అక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే 1639లో చెన్నపట్నం స్థలం సంపాదించాడు. వారు ఈ తీరానికి వచ్చినది ముఖ్యంగా మన నేతబట్టల కోసమే. ఇంకా దక్షిణాన పులికాట్‌లో డచ్చివారు 1613లో కోట కట్టి, గళ్ళ బట్టలను ఓడల్లో తూర్పు దేశాలకు పంపారు. ఈనాటికీ మలయా దేశంలో మగవారు కట్టుకొనే గళ్ళ లుంగీ బట్టను "పెలికాట్" అనే పిలుస్తారు. ఆ పేరు మన పులికాట్ నుంచి వెళ్ళినదే! ఈ రోజు మన పిల్లలు సిగ్గుపడే గళ్ళ లుంగీ, నాలుగు వందల ఏళ్ళ కిందటే సముద్రాలు దాటి గౌరవం పొందింది.

నడుముకు బట్ట చుట్టుకొనే మగవారు మనం ఒక్కరమే కాదు. బర్మాలో ఆఫీసులకు, బడులకు లుంగీ వంటి లోంజీతోనే వెళతారు. ఫిజీ దీవుల్లో "సులు" అనే వస్త్రం పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ్యంతో పాటే వ్యాపించింది. అక్కడి మెథడిస్టు బోధకులు నేటికీ కోటు, టై, సులు ధరించి ప్రసంగపీఠం ఎక్కుతారు. పోలీసులకు కూడా అదే ఉడుపు. 1903 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి చెరకు తోటల్లో కూలికి వెళ్ళిన మన తెలుగువారు ఆ దీవుల్లో దాన్ని కళ్ళారా చూశారు.

స్కాట్లండు కొండసీమ మగవారి గళ్ళ బట్టకు కిల్ట్ అని పేరు. మోకాళ్ళ దాకా ఉండి, వెనుక కుచ్చిళ్ళతో ఉంటుంది. అక్కడివారు తిరుగుబాటు చేసి ఓడిపోయాక, 1746లో బ్రిటిషు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. మొదటిసారి కట్టుకొని పట్టుబడితే ఆరు నెలల జైలు, రెండోసారి పట్టుబడితే ఏడేళ్ళ ద్వీపాంతరవాసం! 1782లో ఆ చట్టం రద్దయింది. ఈనాడు అదే కిల్ట్ స్కాట్లండు పెండ్లిళ్ళలో గౌరవ వస్త్రం. దాన్ని రోజూ కట్టుకొని బయటికి వచ్చేవారిని మాత్రం వారి దేశంలోనూ కొందరు వింతగా చూస్తారు, వేళాకోళం చేస్తారు. మనిషి ఎక్కడైనా మనిషే.

మన పొరుగున చెన్నైలో 2014 జూలైలో ఒక హైకోర్టు న్యాయమూర్తిని పంచె కట్టుకొని వచ్చినందుకు ఒక క్లబ్బులోనికి రానివ్వలేదు. మరుసటి నెలలోనే తమిళనాడు శాసనసభ చట్టం చేసింది. పంచె కట్టినందుకు బహిరంగ ప్రదేశంలో ఎవరినైనా అడ్డగిస్తే ఏడాది దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. న్యాయమూర్తికి జరిగింది గనుక చట్టం వచ్చింది. కూలివానికి జరిగితే ఎవరు వింటారు? ఆ ప్రశ్నకు సంఘమే జవాబు చెప్పాలి.

హడ్సన్ టేలర్‌గారి సంగతి మీలో చాలామందికి తెలుసు. ఆయన 1855లో చైనావారి బట్టలు కట్టి, తల గొరిగించుకొని, జడ పెట్టుకున్నారు. చైనావారు దగ్గరకు వచ్చారు. వేళాకోళం చేసింది ఆయన సొంత జాతి తెల్లవారే. ఆయన వారితో వాదానికి దిగలేదు, తన బట్టా మార్చలేదు. తన పని తాను చేసుకుపోయారు.

మన ఇళ్ళలో జరిగే ఒక సంగతితో ముగిస్తాను. ఇంగ్లీషు మీడియం బడిలో చదివే ఒక అమ్మాయి, తల్లిదండ్రుల సమావేశానికి నాన్నను పంచెతో రావద్దని చెప్పింది. ఆయన గేటు బయట వేపచెట్టు కింద నిలబడి, భార్యను లోపలికి పంపాడు. సాయంత్రం తల్లి ఆ బిడ్డతో ఒకే మాట అంది. "నీ ఫీజు ఆ పంచె రొంటినుంచి తీసిన డబ్బేనమ్మా." బిడ్డ ఏమీ మాట్లాడలేదు. మరుసటి సమావేశానికి నాన్న చెయ్యి పట్టుకొని తనే లోపలికి తీసుకెళ్ళింది.

ప్రియమైన పాఠకులారా, పంచె కట్టడమే భక్తి కాదు. కరకరలాడే గంజి పంచెలోనూ గర్వం దాగి ఉండవచ్చు, సాదా ప్యాంటులోనూ దీనమనసు ఉండవచ్చు. సమూయేలు పొడగరియైన ఎలీయాబును చూసి మురిసిపోతే దేవుడు ఆయనను సరిదిద్దాడు గదా! బంగారు ఉంగరం ఉన్నవానికి మంచి చోటు చూపి, మాసిన బట్టల బీదవానిని పక్కన నిలబెట్టే సంఘాన్ని యాకోబు తన పత్రిక రెండో అధ్యాయంలో గద్దించాడు. నిమ్మతోటలో పని ముగించుకొని, రొయ్యల గుంట నుంచి నేరుగా, లుంగీతోనే ప్రార్థనకు వచ్చిన సహోదరుడు గుమ్మం దగ్గర తటపటాయిస్తే, మడిచిన లుంగీ దించుకొని లోపలికి రావాలా వద్దా అని చూస్తుంటే, మొదట లేవవలసినది మనమే. ఆయన చెయ్యి పట్టుకొని ముందు చాప మీద కూర్చోబెడదాం. ఈ ఆదివారం మీ ఇంట్లో తాతగారు పెట్టె అడుగున దాచుకున్న తెల్ల పంచెను తీసి, చక్కగా ఇస్త్రీ చేసి ఇవ్వండి. దాన్ని పాదాల దాకా దించి కట్టుకొని ఆయన మీ పక్కన మందిరానికి నడిచి రానివ్వండి.