సమ్యక్ వాక్కు ఎవరికి?

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మన పెద్దలన్నారు. ఆ మాట అబద్ధం కాదు. కాని దాన్ని ఎవరు ఎవరికి చెబుతూ వచ్చారన్నది కూడా ఆలోచించవలసిన విషయమే. భూస్వామి పాలేరుకు చెప్పాడు. అత్త కోడలికి చెప్పింది. అధికారి గుమాస్తాకు చెప్పాడు. పాలేరు భూస్వామికి యీ సామెత వినిపించినట్టు మనమెక్కడా వినలేదు.

బౌద్ధం బోధించే అష్టాంగ మార్గంలో సమ్యక్ వాక్కు ఒకటి. అబద్ధం, చాడీ, పరుషమైన మాట, పనికిమాలిన మాట, యీ నాలుగింటినీ మానుకోవటమే సమ్యక్ వాక్కు. మనిషి తన నాలుకకు తాను పెట్టుకునే కట్టుబాటు అది. దాన్ని ఎదుటివాడి నోటికి తాళంగా వాడవచ్చునా? వాడవచ్చునని మా వూళ్ళోనే తెలిసివచ్చింది.

బొబ్బిలిలో కొందరం ఆదివారాలు కూచుని బౌద్ధ గ్రంథాలు చదువుకుంటున్నాం. ఉపాధ్యాయులున్నారు, కాలేజీ విద్యార్థులున్నారు, ఇద్దరు ముగ్గురు మిల్లు కార్మికులున్నారు. ఒక ఆదివారం వినయపిటకంలో ఎవరికి దీక్ష ఇవ్వవచ్చు, ఎవరికి ఇవ్వకూడదు అన్న భాగం వచ్చింది. రాజు కొలువులో వున్న సైనికుడికీ, అప్పు తీర్చనివాడికీ, దాసుడికీ దీక్ష ఇవ్వరాదని అందులో వున్నది. జూట్ మిల్లులో పనిచేసే కుర్రవాడొకడు లేచి, "మేస్టారూ, అప్పున్నోడికీ, పాలేరోడికీ ఆ సంఘంల సోటు నేదంటే మరింక సమానమెక్కడుందండి?" అని అడిగాడు. అధ్యక్షత వహించిన పెద్దాయన, "బాబూ, సమ్యక్ వాక్కు అంటే ఏమిటో ముందు తెలుసుకో. అడిగే తీరు బాగులేదు" అని, పుస్తకంలో పేజీ తిప్పారు. మరుసటి వారం, మనసులు నొచ్చుకునే వివాదాలు సమావేశంలో తీసుకురాకూడదని ఒక నియమం ప్రతిపాదించారు. ఆ కుర్రవాడు రావటం మానేశాడు. అతనితో మరి నలుగురు మానేశారు.

పెద్దాయన పక్షాన చెప్పవలసిన మాట కూడా వున్నది. అంతకు ముందొకసారి ఎవరో ఇంకొకరి కులదైవాన్ని తూలనాడితే సభ రభసై, చదువు ఆగిపోయింది. నలుగురు కూచున్న చోట మాటకు హద్దు అక్కర్లేదని నేననను. హద్దు లేకపోతే గొంతు పెద్దదైనవాడిదే రాజ్యమవుతుంది. అయితే తిట్టుకు వేయవలసిన హద్దు ప్రశ్నకు వేస్తే అది నిగ్రహం కాదు, నిషేధం.

బుద్ధుడి సంఘం యీ సమస్యను ఎట్లా ఎదుర్కొన్నది? ముఖ్యమైన నిర్ణయం చేయాలంటే ఆ ప్రతిపాదనను సంఘం ముందు పెట్టాలి. తర్వాత మూడుసార్లు ప్రకటించాలి. సమ్మతమైనవారు మౌనం వహించాలి, సమ్మతం కానివారు మాట్లాడాలి. మౌనాన్ని అంగీకారంగా లెక్కపెట్టే ముందు మాట్లాడటానికి మూడుసార్లు అవకాశమిచ్చిన పద్ధతి ఇది. ఏకాభిప్రాయం కుదరకపోతే శలాకలు, అంటే కర్రపుల్లలు, పంచి ఎటు ఎక్కువమంది వున్నారో లెక్కపెట్టేవారు. పార్లమెంటరీ పద్ధతులు మన దేశానికి కొత్త కావని, భిక్షుసంఘాలు వాటిని ఎరుగునని 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో డాక్టర్ అంబేద్కర్ గుర్తు చేశారు. ఏడేళ్ళ తర్వాత, 1956 అక్టోబరు 14న, నాగపూరులో ఆయన వెంట బౌద్ధం స్వీకరించిన లక్షలాది మందికి ఆ మతం ముందుగా ఇచ్చింది మోక్షం కాదు, నోరు. అటువంటి బౌద్ధం పేరుతో ఒక కార్మికుడి నోరు మూయించటం మామూలు మర్యాద విషయంగా నాకు కనిపించదు.

కాని ప్రాచీన సంఘాన్ని ఆదర్శంగా పూజించి ఊరుకుంటే మనం విమర్శకులం కాము. ఆ శలాకల పద్ధతిలోనే ఒక మెలిక వున్నది. అధర్మవాదులు ఎక్కువమంది అయ్యారని తోస్తే, పుల్లలు పంచే భిక్షువు వాటిని సరిగా తీసుకోలేదని చెప్పి లెక్కను తోసిపుచ్చవచ్చునని చుల్లవగ్గ చెబుతుంది. ధర్మమేదో అధర్మమేదో ముందే తేల్చేసుకున్నవాడి చేతిలో ఓట్ల పెట్టె పెట్టటమన్నమాట! భిక్షుణుల విషయం ఇంకా స్పష్టం. వారికి విధించిన ఎనిమిది గురుధర్మాలలో చివరిది, భిక్షువులకు బుద్ధి చెప్పే దారి భిక్షుణులకు మూసివేశామని, భిక్షుణులకు చెప్పే దారి మాత్రం భిక్షువులకు తెరిచే వున్నదని అంటుంది. మా కుర్రవాడడిగిన దాసుల నియమం కూడా యీ కోవలోదే. సైనికులకు దీక్ష ఇవ్వవద్దని కోరినవాడు మగధరాజు బింబిసారుడు. రాజుకు సైన్యం కావాలి, షావుకారుకు బాకీ కావాలి, యజమానికి దాసుడు కావాలి. వారి దయ మీదా దానం మీదా బతకవలసిన సంఘం గడప దగ్గరే సమత్వాన్ని తగ్గించుకున్నది. కుర్రవాడి ప్రశ్నకు ఇదీ సమాధానం. చెప్పటానికి అయిదు నిమిషాలు చాలు.

"అడిగే తీరు" గురించి కూడా ఒక మాట. వేరువేరు కులాలనుంచి వచ్చిన భిక్షువులు తమ తమ పలుకుబడిలో బుద్ధవచనాన్ని పాడుచేస్తున్నారనీ, దాన్ని ఛందస్సులోకి మార్చాలనీ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన ఇద్దరు అన్నదమ్ములు కోరారు. బుద్ధుడు వారిని మందలించి, స్వభాషలోనే నేర్చుకొమ్మన్నాడు. స్వభాష అంటే భిక్షువు భాష కాదు, బుద్ధుడి భాషే అని తర్వాత బుద్ధఘోషుడు వ్యాఖ్యానించాడు. మూలం తెరిచిన తలుపును వ్యాఖ్యానం ఎట్లా మూయగలదో దీనివల్ల తెలుస్తుంది. వంశధార ఒడ్డున శాలిహుండం బౌద్ధ శిథిలాలను 1919లో వెలుగులోకి తెచ్చినవాడు గిడుగు రామమూర్తి. జనం మాట్లాడే తెలుగే రాతకు తగినదని జీవితమంతా పోరాడినవాడూ ఆయనే. ఆయన తిరిగిన గడ్డమీద "సోటు నేదు" అన్న పలుకును అపరాధంగా ఎంచటం ఎంత వింత!

ఇక అశోకుడు. ఆయన పన్నెండో శిలాశాసనం వాక్సంయమం గురించే. తన మతాన్ని అకారణంగా పొగడవద్దు, పరమతాన్ని తెగడవద్దు, ఒకరి ధర్మాన్ని ఒకరు వినండి అని దాని సారాంశం. మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అది వున్నది. కాని మా వైపు, ఆయన కత్తితో గెలిచిన కళింగంలో, ధౌలి జౌగడ రాళ్ళమీద పదకొండు, పన్నెండు, పదమూడు శాసనాలు లేవు. లక్షమంది చనిపోయారనీ, లక్షాయాభైవేల మందిని తరలించుకుపోయారనీ, అందుకు తాను పశ్చాత్తాపపడ్డాననీ చెప్పే శాసనం పదమూడోది. వాటికి బదులుగా కళింగంలో చెక్కించిన రెండు ప్రత్యేక శాసనాలు ప్రజలందరూ నా బిడ్డలేనని చెబుతాయి, అధికారులకు హితవు చెబుతాయి. ఓడినవాడి ముందు రాజు తన పశ్చాత్తాపాన్ని వినిపించలేదు, అతని మాట వినమని పరులకూ చెప్పలేదు. బిడ్డా అని మాత్రం పిలిచాడు. బిడ్డలని పిలవటం సులువు, వారి మాట వినటమే కష్టం. ఆ అశోకుడే సారనాథ్, సాంచి, కౌశాంబి శాసనాలలో, సంఘాన్ని చీల్చినవారికి తెల్లబట్టలు కట్టించి బయటికి పంపమన్నాడు. వాక్సంయమం సలహాగా వున్నంతసేపు నీతి. రాజదండం తోడైనప్పుడు అది శిక్ష.

అయినా భిన్నాభిప్రాయం చావలేదు. చావకుండా నిలిపినవారిలో మన ఆంధ్రులున్నారు. కథావత్తు అనే పాళీ గ్రంథం రెండు వందలకు పైగా వివాదాలను చర్చిస్తుంది. వాటిలో చాలా వాదాలు అంధకులవని, అంటే పూర్వశైల, అపరశైల, రాజగిరిక, సిద్ధార్థిక శాఖలవని అట్ఠకథ చెబుతుంది. అర్హతుడికి కూడా తెలియని విషయాలుండవచ్చు, సందేహాలుండవచ్చు, అతను ఇతరులవల్ల తెలుసుకోవచ్చు అన్నది శైల శాఖలవారి వాదం. అంటే పెద్దాసనం మీద కూచున్నవాడు సర్వజ్ఞుడు కాడని అన్నారు! స్థవిరులు దీన్ని ఖండించారు. కాని ఖండించటానికయినా ప్రత్యర్థి మాటను తమ పవిత్ర గ్రంథంలో రాసిపెట్టుకున్నారు. అందువల్లనే యీనాడు అది మనకు తెలిసింది. మా సమావేశాల పుస్తకంలో మాత్రం ఆ కుర్రవాడి ప్రశ్న లేదు.

మరి నిజంగా నోటి దురుసు వున్నవాణ్ణి ఏం చేయాలి? బుద్ధుడు తన చివరి రోజుల్లో ఛన్నుడనే అహంకారికి బ్రహ్మదండం విధించాడు. ఛన్నుడు ఏమైనా అనవచ్చు, భిక్షువులు అతనితో మాట్లాడరు, బుద్ధి చెప్పరు. అంతే. అతని నోరు కట్టలేదు. అతను మారగానే ఆ దండన తొలగిపోయింది. కౌశాంబిలో చెంబులో మిగిల్చిన నీళ్ళ మీద మొదలైన తగవు సంఘాన్నే రెండుగా చీల్చింది. బుద్ధుడు సర్దిచెప్పబోతే వినలేదు. ఆయన అడవికి వెళ్ళిపోయాడు. చివరకు వారిని దారికి తెచ్చింది ఊరి జనం. వందనం చేయటం, బిచ్చం వేయటం మానేశారు. పెట్టే చేయి ఆగితే పండితుల పంతం ఎన్నాళ్ళు నిలుస్తుంది?

మా వూరి పేరు చెబితే వీణ గుర్తుకొస్తుంది. గొల్లపల్లిలో ఒకే పనసమానును తొలిచి వీణ చేస్తారు. తీగ మరీ బిగించకూడదు, మరీ వదలకూడదని బుద్ధుడు సోణుడికి చెప్పిన వీణ ఉపమానాన్ని మా పెద్దాయన తరచూ ఉదహరిస్తారు. మంచి ఉపమానమే. కాని బుద్ధుడది చెప్పింది తన సాధనలో తానే అతిగా బిగుసుకుపోయిన మనిషికి. అక్కడ తీగా అతనిదే, బిరడా అతనిదే. సంఘంలో అట్లా కాదు. బిరడ తిప్పే చేయి ఒకరిది, బిగుసుకునే తీగ మరొకరిది. ఇద్దరికీ మధ్యేమార్గం బోధిస్తే మిగిలేది శ్రుతి కాదు, మౌనం.

అందుచేత మేము కొందరం మూడు ప్రతిపాదనలు చేశాం. అధ్యక్షత వారానికొకరు వహించాలి. ప్రతి ప్రశ్ననూ, సమాధానం వచ్చినా రాకపోయినా, అడిగినవారి మాటల్లోనే పుస్తకంలో రాయాలి. ఎవరినైనా మాట్లాడవద్దంటే కారణం అందరి ముందూ చెప్పి, సమ్మతి మూడుసార్లు అడగాలి. మొదటి రెండూ అంగీకరించారు. మూడవది అధ్యక్షుడి గౌరవానికి భంగమని కొందరు వాదిస్తున్నారు. వాదించనివ్వండి, వారి వాదన కూడా పుస్తకంలోకి ఎక్కుతున్నది. మానేసిన అయిదుగురిలో ఇద్దరు తిరిగి వస్తున్నారు. ప్రశ్న అడిగిన కుర్రవాడు ఇంకా రాలేదు. అతని ప్రశ్నను మాత్రం, తేదీ వేసి, అతను పలికినట్టే రాయించాం. దాని కింద సమాధానానికి చోటు విడిచిపెట్టాం. అది రాయవలసింది ఆనాడు పేజీ తిప్పినవారే.