గది కంటే ముందు నీళ్ళు చూస్తాను

హోటళ్ళకు మార్కులు వేయడం నా వృత్తి. అందరిలాగే ఫోన్ చేసి గది బుక్ చేసుకుంటాను. డబ్బు కడతాను, తింటాను, పడుకుంటాను, తెల్లారి బిల్లు తీసుకుని వెళ్ళిపోతాను. రిపోర్టు తర్వాత యాజమాన్యానికి చేరుతుంది. అప్పటిదాకా నేనెవరో రిసెప్షన్‌లో ఎవరికీ తెలియకూడదు. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నంలో పెద్ద హోటళ్ళ దగ్గర ఈ పని నేర్చుకున్నాను. ఇప్పుడు ఎక్కువగా మా కోనసీమలోనే తిరుగుతున్నాను. అమలాపురం, రాజోలు, దిండి, అవసరమైతే రాజమహేంద్రవరం.

ఒకప్పుడు అమలాపురం పనిమీద వచ్చినవాళ్ళు పని ముగించుకుని రాత్రికి రాజమండ్రికో కాకినాడకో పోయి పడుకునేవారు. 2022 ఏప్రిల్ 4న అమలాపురం జిల్లా కేంద్రమయ్యాక ఆఫీసులు పెరిగాయి, ఆఫీసుల చుట్టూ తిరిగేవాళ్ళూ పెరిగారు. సోమవారం నుంచి గురువారం దాకా గదుల్లో దిగేది ఓఎన్‌జీసీ పనులు చేసే ఇంజినీర్లు, బ్యాంకు ఆడిటర్లు, రొయ్యలు కొనేవాళ్ళు, మేత కంపెనీల వాళ్ళు, అంబాజీపేట కొబ్బరి వ్యాపారం మీద వచ్చినవాళ్ళు. శుక్రవారం సాయంత్రానికి జనం మారిపోతారు. శనివారం వాడపల్లి వెంకన్న దర్శనానికి వచ్చే కుటుంబాలు, అంతర్వేది వెళ్ళేవాళ్ళు, దిండిలో పడవెక్కుదామని హైదరాబాద్ నుంచి పిల్లలతో దిగేవాళ్ళు. ఇక సంక్రాంతికి, జగ్గన్నతోట ప్రభల తీర్థం నాటికి, గది దొరకడమే గొప్ప.

ఒకే గది ఈ రెండు రకాల మనుషులకూ పనికి రావాలి. రాత్రి పదింటికి వచ్చి తెల్లవారుజామున రొయ్యల చెరువు పట్టుబడికి వెళ్ళిపోయే మనిషికి కావలసింది వేడినీళ్ళు, చీకటి, నిశ్శబ్దం, మంచం పక్కన ప్లగ్గు, లెక్కలు రాసుకోవడానికి సరైన ఎత్తులో బల్ల. పిల్లలతో వచ్చినవాళ్ళకు కావలసింది అదనపు పరుపు, పాలు కాచుకునే కెటిల్, బాత్రూంలో జారని నేల, బాల్కనీ కమ్మీల మధ్య పిల్లవాడి తల పట్టనంత సందు. ఫొటోలో అందంగా కనిపించడానికి కట్టిన గది ఈ ఇద్దరిలో ఒక్కరికీ పనికి రాకపోవడం నేను చాలాచోట్ల చూశాను.

స్టార్లు ఇచ్చే పద్ధతి వేరు. కేంద్ర పర్యాటక శాఖ కమిటీ వచ్చి చూస్తుంది. కనీసం 10 గదులుండాలి, ఇచ్చిన స్టార్ 5 ఏళ్ళు చెల్లుతుంది. ఆ జాబితా మంచిదే, దాన్ని తక్కువ చేయను. అయితే అది ముఖ్యంగా ఏమేం ఉన్నాయో చూస్తుంది. అర్ధరాత్రి అవి పనిచేస్తున్నాయా అన్నది చూడాలంటే అక్కడ పడుకోవాలి. 1958లో మొబిల్ గైడ్‌గా మొదలై ఇప్పుడు ఫోర్బ్స్ ట్రావెల్ గైడ్ పేరుతో నడుస్తున్న సంస్థ మనుషులు ప్రపంచమంతా అలాగే చేస్తారు. పేరు చెప్పకుండా దిగుతారు, సొంతంగా బిల్లు కడతారు, ఎక్కువ మార్కులు సేవకే వేస్తారు.

గదిలోకి వెళ్ళగానే నేను మంచం చూడను. బాత్రూంలో కుళాయి తిప్పి తెల్ల కప్పులో నీళ్ళు పడతాను. ఇనుము ఉంటే కాసేపటికి పసుపు తిరుగుతుంది. ఉప్పుంటే కుళాయి మొదట్లో తెల్లటి పొర కడుతుంది, సబ్బు నురగ రాదు. జేబులో, నీటిలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటర్ ఉంటుంది. తాగే నీటికి బీఐఎస్ పెట్టిన హద్దు లీటరుకు 500 మిల్లీగ్రాములు, వేరే దారి లేనిచోట 2,000 దాకా. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు సముద్రం దగ్గరయ్యేకొద్దీ బోరునీళ్ళు ఉప్పు తేలతాయి. ఊళ్ళకు కాలవే ఆధారం. ఎండాకాలంలో మరమ్మతులకు కాలవలు కట్టేస్తారు. అందుకే ఇక్కడి హోటల్‌కి అసలు పరీక్ష ఆ రోజుల్లోనే. డిసెంబర్‌లో దిగి మెచ్చుకుని వెళ్ళిన పరీక్షకుడికి మే నెల సంగతి తెలియదు.

కాలవలు కట్టేసిన రోజుల్లోనే కొత్తగా తెరిచిన ఒక హోటల్లో దిగాను. లాబీ నిజంగా బాగుంది. ఇటాలియన్ పాలరాయి, పైనుంచి వేలాడే పెద్ద షాండ్లియర్, గోడ నిండా పాత మండువా లోగిళ్ళ ఫొటోలు. గదిలో టవల్ తీస్తే అట్టలా ఉంది. గది సర్దడానికి వచ్చిన అమ్మాయిని అడిగాను.

“ఈ టవల్ ఎప్పటిదమ్మా?”

“కొత్తదేనండి, నెల కూడా అవ్వలేదండి. బోరునీళ్ళండి, ఉప్పండి. ఎంత ఉతికినా ఇలాగే గట్టిపడిపోతన్నాయండి.”

“మేనేజరు గారికి చెప్పావా?”

“చెప్పానండి. సబ్బు మార్చి చూడమన్నారండి.”

నీటి కఠినత్వం తగ్గించే ప్లాంటు, ఉప్పు తీయడానికి ఆర్వో పెడితే తీరే సమస్య. వాటి ఖర్చు ఆ లాబీ అలంకరణలో చిన్న భాగం. నా రిపోర్టులో ఆ అమ్మాయి పేరు రాయలేదు. ఆమె చెప్పినదంతా మాత్రం మొదటి పేజీలోనే రాశాను. ఏ హోటల్లోనైనా లోపం ముందు తెలిసేది దుప్పట్లు మడతపెట్టే మనిషికి. ఆమె మాట పైదాకా చేరుతుందా లేదా అన్నదానికి నేను విడిగా మార్కులు వేస్తాను.

నీళ్ళ తర్వాత వాసన. కోనసీమ గాలిలో ఎప్పుడూ తేమే. బీరువా తలుపు తీసి తల లోపల పెట్టి చూస్తాను, దిండు మొహానికి ఆనించి చూస్తాను. నగరంలో గీసిన డిజైన్ తెచ్చి ఇక్కడ గదుల్లో కార్పెట్ పరిస్తే ఒక్క వానాకాలానికి బూజు పడుతుంది. చెక్క పలకలు ఉబ్బుతాయి, తలుపులు పట్టేస్తాయి. మన పాత లోగిళ్ళు కట్టినవాళ్ళకు ఇదంతా తెలుసు. మధ్యలో గాలీ వెలుతురూ దిగే మండువా, వాన జల్లు లోపలికి కొట్టని వసారా. వాటిని ఫొటోలు తీసి గోడకు తగిలించి, ఆ పక్కనే తెరుచుకోని అద్దాల కిటికీ పెట్టడం నాకు బాధగా ఉంటుంది. స్టైల్ వద్దని నేను అనను. గాలి ఆడే స్టైల్ కావాలంటాను.

ఆ తర్వాత మెట్లు. తలుపు వెనక అంటించిన అగ్నిప్రమాద పటం పట్టుకుని, లిఫ్ట్ ఎక్కకుండా, అది చూపించిన దారిన కిందికి నడుస్తాను. 2022 సెప్టెంబర్ 12 రాత్రి సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం ఉన్న హోటల్‌కి మంటలంటుకుని 8 మంది చనిపోయారు. ఎక్కువమందిని చంపింది పొగే. అందుకే రెండో మెట్ల దారిలో విందు కుర్చీలు, పాత పరుపులు పేర్చిన హోటల్‌కి, తలుపుకి తాళం వేసిన హోటల్‌కి, మిగతావన్నీ ఎంత బాగున్నా నేను పాస్ మార్కు వేయను. యజమానులు చాలామంది నొచ్చుకున్నారు. ఈ విషయంలో నేను తగ్గను.

గోదారి గట్టున కట్టిన రిసార్టు అయితే ఇంకో ప్రశ్న ఉంటుంది. 2022 జూలైలో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయి? ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 17.75 అడుగులకు చేరితే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ నెలలో వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది, లంకలు మునిగాయి. గోడ మీద ఆ గుర్తు చూపించగలిగిన మేనేజరుని నేను నమ్ముతాను. జనరేటర్ ఏ ఎత్తున పెట్టారో, ఉన్న డీజిల్ ఎన్ని గంటలు సరిపోతుందో కూడా అడుగుతాను. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. అలాంటి రాత్రులు ఇక్కడ మళ్ళీ మళ్ళీ వస్తాయి.

పొద్దుటి ఫలహారం దగ్గర నేను కాస్త పట్టుదల మనిషిని. బఫేలో క్రోసాంట్, కార్న్‌ఫ్లేక్స్ ఉంటాయి. పక్కనే అంబాజీపేటలో పనసాకు బుట్టల్లో ఉడికే పొట్టిక్కలు ఉండవు. 2023లో జీఐ గుర్తింపు వచ్చిన ఆత్రేయపురం పూతరేకులు ఉండవు. హైదరాబాద్ నుంచి ఇంతదూరం వచ్చిన అతిథి ఇక్కడ ఏం తిన్నానని చెప్పుకోవాలి?

దీనికి ఎదురు ఉదాహరణ కూడా చెప్పాలి. రాజోలు వైపు ఒక చిన్న హోటల్. లాబీ అంటూ ఏమీ లేదు, నాలుగు కుర్చీలు, ఒక ఫ్యాను. రాత్రి పడుకోబోతూ, తెల్లవారక ముందే వెళ్ళాలని కుర్రాడితో అన్నాను.

“ఆయ్, నాలుగున్నరకి ఇడ్లీ కట్టి బల్ల మీద ఉంచుతానండి. కాఫీ ఫ్లాస్కులో పోస్తాను. తలుపు కొట్టమంటారా, ఫోన్ చెయ్యమంటారా?”

తలుపు కొట్టాలా, ఫోన్ చెయ్యాలా అని నన్ను ఎన్ని పెద్ద హోటళ్ళలో అడిగారో గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను. చాలా తక్కువ. నాలుగున్నరకి పొట్లం వేడిగా ఉంది, లోపల కొబ్బరి పచ్చడి విడిగా కట్టి ఉంది. ఆ హోటల్‌కి సేవ విభాగంలో నేను వేసిన మార్కులు విశాఖలో అద్దాల మేడలకు కూడా వేయలేదు.

ఇప్పుడు ఇక్కడ హోటల్ కట్టాలనుకునే కుటుంబాలు ప్లాను దశలోనే నన్ను పిలుస్తున్నాయి. అది సంతోషం. వాళ్ళకు నేను చెప్పేదే ఇక్కడా చెబుతున్నాను. పాలరాయికి ఆర్డరు ఇచ్చేముందు బోరునీళ్ళు పరీక్ష చేయించండి, అదీ ఎండాకాలంలో. రెండో మెట్ల దారికి చోటు మిగిల్చాకే గదులు లెక్కపెట్టండి. మీ ఊరి పిల్లల్నే పనికి పెట్టుకుని, వాళ్ళు చెప్పింది వినండి. ఇక గది తీసుకునేవాళ్ళకు ఒక్క మాట. అలంకరణ ఫొటోలు చూశాక ఫోన్ చేసి నీళ్ళ గురించీ మెట్ల గురించీ అడగండి. అడిగేవాళ్ళు పెరిగితేనే కట్టేవాళ్ళు పట్టించుకుంటారు.