తలాఖ్‌తో తండ్రి బాధ్యత తీరదు

తలాఖ్ తర్వాత బిడ్డ ఖర్చు రెండేళ్లే ఇవ్వాలి కదా అని అడిగే తండ్రులు మా వద్దకు వస్తూనే ఉంటారు. దివ్య ఖుర్ఆన్ బఖరా సూరా 233వ ఆయత్‌లోని రెండేళ్లు పాలు పట్టే గడువు మాత్రమే. పోషణకు గడువు కాదు. సొంత ఆస్తి లేని కుమారుణ్ణి సంపాదించగలిగే వరకు, కుమార్తెను నికాహ్ అయ్యే వరకు పోషించవలసినవాడు తండ్రేనని హనఫీ ఫిఖహ్‌లో మేము చదివాము, బోధిస్తున్నాము. 1986 నాటి చట్టంలోని రెండేళ్ల మాట బిడ్డల హక్కును తగ్గించదని 1997లో సుప్రీంకోర్టు కూడా తేల్చింది.

తండ్రి డబ్బు ఆపేసిన పిల్లలు మా తరగతిలో ఉన్నారు. కొత్త నోటుపుస్తకం అడగడానికైనా జంకుతారు. సోదరులారా! ఇద్దత్ భార్యకే గానీ బిడ్డకు లేదు. మీరిచ్చేది దానం కాదు, వారి హక్కు. దానికి అల్లాహ్ సమక్షంలో లెక్క చెప్పవలసి ఉంటుంది.