సీతాలు విశాఖపట్నం ప్రయాణం

పిల్లలూ! రాజమండ్రి నుంచి విశాఖపట్నం సుమారు 190 కిలోమీటర్లు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ పరీక్ష పేపర్లు దిద్దటానికనీ, పెళ్ళిళ్ళకనీ, ఊరికే సముద్రం చూడటానికనీ నేను అక్కడికి ఎన్నిసార్లు పోయివచ్చానో లెక్కలేదు. ఎప్పుడూ కునికిపాట్లు పడుతూ పోయేవాణ్ణి. ఆ దారిని సరిగా చూసింది మాత్రం మొన్న మాఘమాసంలో, ఒక చిలుకను వెంటబెట్టుకుని వెళ్ళినప్పుడే.

ఆ చిలుక పక్కింటి మామ్మగారిది. తొమ్మిదేళ్ళ కిందట ఎవరో తీర్థంలో కొనితెచ్చి ఆమె చేతిలో పెట్టారు. అప్పటికి దానికి ఒళ్ళంతా ఈకలైనా రాలేదు. మామ్మగారు దానికి సీతాలు అని పేరు పెట్టారు. మూడో ఏట దాని మెడచుట్టూ నలుపూ గులాబిరంగూ కలిసిన గీత ఒకటి, కంటె వేసినట్టు, వచ్చింది. ఆ కంటె మగచిలుకకే వస్తుంది. "ఇది సీతాలు కాదండీ, సీతారాముడు," అని నేను చెప్పాను. "తొమ్మండుగురు బిడ్డల్ని పెంచినదాన్ని, ఈ వయసులో పేర్లు మార్చలేను మాస్టారూ," అన్నారు మామ్మగారు.

సీతాలుకు వచ్చిన మాటలు రెండు. వీధి తలుపు చప్పుడైతే, "ఎవరమ్మా? గేటు వేసి రా!" అనేది. ఆ గొంతు అచ్చం మామ్మగారిదే. చివర కొంచెం దగ్గు కూడా ఉండేది. రెండోది "నమస్కారం మాస్టారూ". అది నేను నేర్పినది.

కార్తీకమాసంలో మామ్మగారు పోయారు. దూరదేశాల నుంచి కొడుకులు వచ్చి, కార్యక్రమాలు ముగించి, ఇంటికి తాళం వేసి, పంజరం తెచ్చి మా వసారాలో పెట్టి వెళ్ళిపోయారు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. మన దేశపు చిలుకల్ని పట్టటం, అమ్మటం, కొనటం, ఇంట్లో పెంచటం 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఈ సంగతి తరగతిలో పాఠంగా చెప్పినవాణ్ణి నేను. అయినా తొమ్మిదేళ్ళు గోడమీద నుంచి ఆ పంజరాన్ని చూస్తూ, పైగా నమస్కారం పెట్టటం నేర్పుతూ కూర్చున్నాను. చిలుక మా వసారాలోకి వచ్చాక గాని ఆ పాఠం నాకు గుర్తు రాలేదు.

పంజరం తలుపు తీసి వదిలేస్తే సరిపోతుందిగా అని మా మనవరాలు అడిగింది. సరిపోదు. దాని రెక్కల ఈకలు ఎప్పుడో కత్తిరించారు. కత్తిరించిన ఈక గోరులాగ మళ్ళీ పెరగదు. అది రాలిపోయి, దాని చోట కొత్త ఈక మొలవాలి. అందుకు ఏడాదయినా పట్టవచ్చు. పైగా సీతాలుకు పిల్లి అంటే భయం లేదు, మేత వెతుక్కోవటం రాదు. బయట ఒక్కరోజు బతకటం కూడా కష్టమే. కాబట్టి అటవీశాఖ వారి ఆఫీసుకు పోయి ఉన్న సంగతి చెప్పాను. వారు నన్ను మందలించలేదు. విశాఖపట్నం జంతుప్రదర్శనశాలలో అప్పగించే ఏర్పాటు చేసి, దారిలో ఎవరైనా ఆపితే చూపించమని ఒక కాగితం రాసి ఇచ్చారు. ఆ కాగితం లేకుండా దాన్ని ఊరు దాటించటం కూడా తప్పే.

ఆరో తరగతి చదివే మా మనవడికి ఇది బొత్తిగా నచ్చలేదు. వాణ్ణి ఎత్తుకుని పెంచినది మామ్మగారే. "తాతయ్యా, చిలుకను ఇచ్చేస్తే మామ్మగారి గొంతు కూడా పోతుంది," అన్నాడు. ఇందుకు నా దగ్గర జవాబు లేదు. సెల్‌ఫోనులో ఆ మాట పట్టి ఉంచుదామని వాడు రెండురోజులు పంజరం ముందు కూర్చున్నాడు. ఫోను కనపడగానే సీతాలు నోరు మూసుకునేది. వాడు స్నానానికి వెళ్ళగానే "గేటు వేసి రా!" అనేది.

దాని పంజరం పెద్దది, బరువైనది, కారులో పట్టదు. చిన్న పంజరంలోకి మార్చాలి. ఇందులో ఏముందని నేను తలుపు తీసి చేయి పెట్టాను. సీతాలు నా చూపుడువేలు పట్టుకున్నది. మన పై దవడ పుర్రెలో భాగం, కదలదు. చిలుకకు పైముక్కు కూడా మడతబందు వేసినట్టు కదులుతుంది. బాదంకాయ పగలగొట్టే ఆ ముక్కు నా వేలికి ఏం చేసిందో వేరే చెప్పనక్కరలేదు. నేను కేకపెట్టి చేయి లాగాను. చిలుక నా చేతితోపాటే బయటికి వచ్చి, సగం ఎగిరి, సగం పడి, బీరువా మీదికి ఎక్కింది. అదృష్టవశాత్తు పైన ఫాను తిరగటం లేదు. మా ఆవిడ ఒక్కమాటే అన్నది: "ఫాను ఆపించిన దేవుడు మీకు బుద్ధి కూడా ఇస్తే బాగుండేది."

ఆ సాయంత్రం పశువైద్యులు ఒకరు వచ్చి నాకు పాఠం చెప్పారు. కరిచినప్పుడు కేకపెట్టరాదట. మన కేక చిలుకకు తమాషాగా ఉంటుంది, మళ్ళీ వినాలని మళ్ళీ కరుస్తుంది. చేయి లాగకూడదు. తలుపులూ కిటికీలూ మూసి, ఫాను ఆపి, పొయ్యి ఆర్పి, గది కొంచెం చీకటి చేయాలి. చీకట్లో చిలుకకు చూపు ఆనదు, అందుచేత నెమ్మదిస్తుంది. వెనక నుంచి, పై నుంచి మీదపడితే డేగ వచ్చిందనుకుంటుంది. ఎదురుగా, నెమ్మదిగా మాట్లాడుతూ పోవాలి. తువ్వాలు కంటే పాత పంచెముక్క మేలు. తువ్వాలు పోగుల్లో దాని గోళ్ళు చిక్కుకుంటాయి. చిలుక కాలికి రెండువేళ్ళు ముందుకూ రెండు వెనక్కూ ఉంటాయి గనుక పట్టు పటకారులా ఉంటుంది. ఊచ పట్టుకున్నప్పుడు లాగితే కాలు విరుగుతుంది. ఒక్కొక్క వేలూ విడదీయాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఛాతీ సంగతి. మనకు ఊపిరితిత్తుల కింద విభాజకపటలం అనే పొర ఉన్నది. అది కిందికి దిగితే గాలి లోపలికి వస్తుంది. పక్షికి ఆ పొర లేదు. దాని రొమ్ముఎముక ముందుకు వెళ్ళి వెనక్కు వస్తేనే ఊపిరి ఆడుతుంది. కాబట్టి పిట్టను గుప్పిట్లో బిగించి పట్టుకుంటే, ముక్కు మూయకపోయినా ఊపిరి ఆగిపోతుంది. ఎందరో పిల్లలు ప్రేమతోనే పిట్టల్ని ఇలా చంపుతారు. బొటనవేలూ చూపుడువేలూ కింది దవడకు చెరొకపక్కా ఆనించి తల కదలకుండా చూసి, ఒంటిని గుడ్డలో వదులుగా చుట్టాలి. రొమ్ముమీద వేలు పడకూడదు. ఇది పెద్దల పని. పిల్లలు పక్కన నిలబడి చూడవచ్చు.

అయితే వైద్యులు వెళుతూ, "ఇదంతా తప్పనిసరి అయినప్పుడు. వారం రోజులు వ్యవధి ఉంటే దానంతట అదే ఎక్కుతుంది," అన్నారు. ఆ మాట ముందే చెప్పకూడదా అనుకున్నాను. చిన్న పంజరాన్ని తలుపు తీసి పెద్దదానికి ఎదురుగా పెట్టాము. మొదటిరోజు దానిలో జామముక్క పెడితే సీతాలు మెడ చాచి చూసి, మొహం తిప్పుకున్నది. రెండోరోజు ఎర్రని పండుమిరపకాయ పెట్టాము. మిరపలోని కారం మన నాలుకను మండిస్తుంది గాని పక్షుల నాలుకకు తెలియదు. అందుకే అవి మిరపపళ్ళు హాయిగా తిని గింజలు దూరాన చల్లుతాయి. మూడోరోజు ఒక కాలు లోపల పెట్టింది. అయిదోరోజు లోపల కూర్చుని తిన్నది. ఆరోరోజు తలుపు వేసి తీశాము. మిరపకాయలు పెట్టే పని అంతా మనవడే చేశాడు. వద్దనుకున్న ప్రయాణానికి వాడే దాన్ని సిద్ధం చేశాడన్నమాట. దాన్ని ముట్టినప్పుడల్లా వాడిచేత సబ్బుతో చేతులు కడిగించాను. చిలుకల నుంచి మనుషులకు అంటే సిట్టకోసిస్ అనే జ్వరం ఒకటి ఉన్నది.

జంతుప్రదర్శనశాలకు సోమవారం సెలవు కాబట్టి మంగళవారం తెల్లవారుజామున అయిదింటికి బయలుదేరాము. కారు వెనకసీటులో పంజరం పెట్టి బెల్టు కట్టాము. లోపల కూర్చునే పుల్ల అడుగుకు దగ్గరగా కట్టాము, కుదుపుకు పడినా దెబ్బ తగలకుండా. గిన్నెలో నీళ్ళు పోస్తే ఒలికి పిట్ట తడుస్తుంది గనుక దోసముక్కలూ జామముక్కలూ పెట్టాము. మూడువైపులా గుడ్డ కప్పి, ఒకవైపు తెరిచి ఉంచాము. కారులో అగరువత్తీ గాని, సెంటు గాని వద్దన్నాను. పాపం డ్రైవరు తన దేవుడి పటం ముందు వత్తి వెలిగించలేదు, దణ్ణం పెట్టి ఊరుకున్నాడు.

రాజానగరం, జగ్గంపేట దాటేసరికి తూర్పు తెల్లబడింది. పిల్లలు నదుల లెక్క మొదలుపెట్టారు. ఎర్రవరం దగ్గర ఏలేరు. కత్తిపూడి దాటి అన్నవరం వచ్చేసరికి రత్నగిరి మీద సత్యదేవుని ఆలయమూ, దిగువను పంపానదీ కనిపించాయి. చిలుకను ఒంటరిగా కారులో వదలరాదు. ఎండలో మూసి ఉంచిన కారు కొద్ది నిమిషాల్లోనే పొయ్యి అవుతుంది. అందుచేత వంతులు వేసుకుని కొండెక్కాము. మనవడు వంతు తీసుకోలేదు, పంజరం దగ్గరే ఉన్నాడు. మేము తెచ్చిన ప్రసాదం, విస్తరాకులో నేయి ఓడుతున్న గోధుమనూక, సీతాలుకు పెట్టబోతే, "నేయీ తీపీ దానికి పడవు," అని వాడే తిన్నాడు.

తునిలో తాండవనది దాటాము. దాటగానే పాయకరావుపేట, అనకాపల్లి జిల్లా. ఇక్కడి నుంచి ఎడమచేతివైపు తూర్పుకనుమల కొండలు కనిపిస్తూ మాయమవుతూ వెంట వస్తాయి. కుడివైపు తాటితోపులు, వాటి వెనక ఎక్కడో సముద్రం. వరాహనదీ, ఎలమంచిలీ దాటి, శారదానది వంతెన ఎక్కేసరికి అనకాపల్లి. ఇది బెల్లానికి పేరుపడిన ఊరు. బజారులో బెల్లపుదిమ్మెలు గుట్టలుగా పేర్చి ఉంటాయి.

అంతవరకూ నోరెత్తని సీతాలు అనకాపల్లిలో డ్రైవరు తలుపు వేసిన చప్పుడుకు, గుడ్డ వెనక నుంచి, "ఎవరమ్మా? గేటు వేసి రా!" అన్నది. చివరి దగ్గు కూడా వచ్చింది. అందరం ఒక్కసారి ఊరుకున్నాము. ఫోను నా జేబులోనే ఉన్నది. మనవడు అడగలేదు.

మనకు స్వరపేటిక గొంతులో పైన ఉంటుంది. పక్షికి ధ్వని పుట్టే చోటు ఛాతీలో, గాలిగొట్టం రెండుగా చీలే దగ్గర. మామ్మగారి గొంతు ఆ చిన్న ఛాతీలో ఎక్కడ దాక్కున్నదో పిల్లలకు బొమ్మ గీసి చూపాను. వారు విన్నారో లేదో నాకు తెలియదు.

గాజువాక దగ్గర లారీల వరుసలో అరగంట ఆగిపోయాము. ఎండ ఎక్కింది. మనవరాలు, "తాతయ్యా, సీతాలు నోరు తెరిచింది," అన్నది. చూద్దునుగదా, ముక్కు తెరుచుకుని రొప్పుతున్నది, రెక్కలు ఒంటికి ఎడంగా పెట్టింది. ఇది వేడి తగిలిన గుర్తు. ఎండపక్క గుడ్డ ఉంచి, నీడపక్క గుడ్డ తీసేశాము. ఏ.సి. గాలి సూటిగా తగలకుండా తిప్పాము. మనవడు దోసముక్క ఊచల మధ్య పెట్టి పట్టుకున్నాడు. నేను గుండె చేతబట్టుకుని గడియారం చూస్తున్నాను. తొమ్మిదేళ్ళు బాగానే బతికినదాన్ని నేను తీసుకుపోయి దారిలో చంపానంటే ఆ కుర్రవాడి మొహం ఎలా చూడను? పదినిమిషాలకు నోరు మూసింది. ఆ తరవాత దోసముక్క తీసుకున్నది.

విశాఖ జంతుప్రదర్శనశాల జాతీయరహదారి పక్కనే, కంబాలకొండ అడవి అంచున ఉన్నది. 1977లో దీన్ని ప్రజలకు తెరిచారు. విస్తీర్ణం ఆరువందల ఎకరాల పైమాటే. ఒకవైపు కొండలు, అవతల బంగాళాఖాతం. మేము మాత్రం ఆరోజు పులినీ చూడలేదు, ఏనుగునూ చూడలేదు.

ఆఫీసులో కాగితాలు రాసుకున్నాక ఖాకీచొక్కా వేసుకున్న ఒకాయన వచ్చాడు. చేతిలో ఒక గుడ్డముక్క. "ఎవరు దీన్ని పంజరం ఎక్కించారు?" అని అడిగాడు. మనవణ్ణి చూపించాను. "బాగా అలవాటు చేశావు బాబూ, బెదరటం లేదు," అన్నాడు. గుడ్డ వేసి, ఒక్క క్షణంలో దాన్ని అందుకుని, రెక్క విప్పి చూశాడు. సీతాలు కిక్కురుమనలేదు. నా వేలు చూసుకున్నాను. కొత్తగా వచ్చిన పక్షిని కొన్నాళ్ళు విడిగా ఉంచి, జబ్బులేవీ లేవని తేలాక మిగతావాటితో కలుపుతామన్నాడు.

ఆయన దాన్ని లోపలికి తీసుకుపోతూ ఉంటే తలుపు చప్పుడైంది. "నమస్కారం మాస్టారూ!" అన్నది సీతాలు. రెండో మాట వస్తుందేమోనని మనవడు కాసేపు నిలబడ్డాడు. రాలేదు.

మొన్న ఫోను చేసి కనుక్కున్నాను. పెద్ద జాలిగదిలో ఇతర చిలుకలతో కలిపారట. రెక్కకు నాలుగు కొత్త ఈకలు వచ్చాయట. ఈ కొసనుంచి ఆ కొసకు కాకపోయినా, కొమ్మనుంచి కొమ్మకు ఎగురుతున్నదట. మాటలు బాగా తగ్గించి, తక్కిన చిలుకల్లాగా కూస్తున్నదట.

ఈ సంగతి మనవడికి చెప్పాను. "అక్కడ గేటు ఉన్నదా తాతయ్యా?" అని అడిగాడు. ఉన్నదన్నాను.