లక్క తూకం

"దేనికమ్మా?" అన్నారాయన, నేనింకా సంచీలోంచి డబ్బా తీయకముందే. "బీమాకా, వీసాకా, బ్యాంకు లోనుకా, పంపకాలకా?"

నగకు వెల కట్టాలంటే కారణం కూడా చెప్పాలని నాకు తెలీదు. తూచి, ఆ రోజు ధరతో హెచ్చవేస్తే అయిపోయె అనుకుంటూ వచ్చాను. విజయవాడ వన్‌టౌన్‌లో మేడ మీద చిన్న గది. నాకంటే ముందొచ్చినవాళ్ళు నలుగురు. నలుగురూ పిల్లల్ని అమెరికా పంపేవాళ్ళే. వీసా కోసం చూపించే ఆస్తుల లెక్కలో పొలం, ఇల్లు, డిపాజిట్లు రాశాక ఇంకా కాస్త తగ్గితే ఆ తగ్గింది అమ్మ మెళ్ళోంచి భర్తీ చేస్తారు. ఒకావిడ పుస్తెలతాడు తీయడానికి ఒప్పుకోవడం లేదు. "మెళ్ళో ఉండగా తూచే మిషను లేదాండీ?" అని అడిగింది. లేదని చెప్పడానికి ఆయనకు పది నిమిషాలు పట్టింది.

గోడ మీద బోర్డులో ఆయన పేరు కింద 'సంపద పన్ను చట్టం, 1957 కింద నమోదైన వాల్యుయర్' అని ఉంది. ఆ పన్నును 2015 బడ్జెట్‌లోనే ఎత్తేశారు. పన్ను పోయింది, దాని కోసం పుట్టిన వాల్యుయర్ మిగిలాడు.

నన్ను ఇక్కడిదాకా తెచ్చింది బుడమేరు. 2024 సెప్టెంబరు మొదట్లో సింగ్‌నగర్ మునిగిన రోజుల్లో మా వీధికి నీళ్ళు రాలేదు గానీ, నిద్ర మాత్రం పోయింది. నాకున్న నాలుగు నగలూ లాకర్లో ఉన్నాయి, ఆ లాకరు బ్యాంకు కింది అంతస్తులో ఉంది. అప్పుడు తీసి చదివాను, అంతకు ముందు బ్యాంకువాళ్ళు స్టాంపు కాగితం మీద కొత్తగా రాయించుకున్న ఒప్పందాన్ని. దొంగతనం జరిగినా, నిప్పంటుకున్నా, బ్యాంకు ఉద్యోగే మోసం చేసినా వాళ్ళు ఇచ్చేది ఏడాది అద్దెకు నూరు రెట్ల వరకే. రిజర్వు బ్యాంకు 2022 జనవరి నుంచి పెట్టిన నిబంధన అది. మూడు వేల అద్దె కడితే మూడు లక్షలన్నమాట. వరదకూ భూకంపానికీ అదీ లేదు, అవి దైవాధీనం. లోపల ఏముందో బ్యాంకుకు తెలీదు, తెలుసుకోదు కూడా. ఇన్నాళ్ళూ నేను బంగారాన్ని బ్యాంకుకు అప్పగించాననే అనుకున్నాను. నిజానికి అద్దెకు తీసుకున్నది ఒక ఇనప అర.

ఇంటి బీమాలో నగలనూ చేర్చుకోవచ్చట. మొత్తం ఐదు లక్షల లోపు, ఏ ఒక్క వస్తువూ లక్ష దాటకుండా ఉంటే వెల కట్టిన పత్రం అక్కర్లేదన్నాడు ఏజెంటు. ఇప్పటి ధరల్లో కాసున్నర గొలుసే లక్ష దాటుతోంది. అమ్మమ్మ గుండ్లపేరు ఆరు కాసులు. మా ఆయనకు ఇంకో భయం: ఇదంతా కాగితం మీద పెడితే ఇన్‌కంటాక్స్ వాళ్ళు వచ్చి ఎత్తుకుపోరూ? సోదాకొచ్చినా పెళ్ళయిన ఆడదాని దగ్గర అరకిలో దాకా నగలు స్వాధీనం చేసుకోవద్దని 1994లోనే వాళ్ళ శాఖ ఆదేశం ఇచ్చిందని చెప్తే, "అరకిలో ఎక్కడేడిసింది మనకి" అని తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు.

ఆ ఆరు కాసుల మాట అమ్మది. పోయే ముందు ఏడాది అక్కాచెల్లెళ్ళిద్దర్నీ కూర్చోబెట్టి, కొట్టులో తూయించుకొచ్చిన చీటీలు ముందు పెట్టి పంచింది. గుండ్లపేరు నలభై ఎనిమిది గ్రాములు, నాను నలభై ఎనిమిది గ్రాములు. "ఇద్దరికీ ఆరేసి కాసులు. గురిగింజెత్తు తేడా లేదు" అంది. మా వైపు కాసంటే ఎనిమిది గ్రాములు. బ్రిటిష్ వాళ్ళ సవరను నాణెం తూకం 7.98 గ్రాములు. వాళ్ళు పోయి ఇన్నేళ్ళయినా వాళ్ళ నాణెంతోనే మన ఆడపిల్లల వాటాలు తేలుస్తున్నాం.

వాల్యుయర్‌గారు గుండ్లపేరును అరచేతిలోకి తీసుకుని ఒకసారి పైకీ కిందికీ ఆడించారు. త్రాసు మీద పెట్టక ముందే, "లోపల లక్కమ్మా" అన్నారు.

పక్కన మైక్రోవేవ్ ఓవెన్‌లాంటి పెట్టె ఉంది. అందులో పెడితే బంగారంలో రాగి ఎంతో, వెండి ఎంతో తెర మీద చూపిస్తుంది. ఇరవై క్యారెట్లని తేలింది. అమ్మ దాన్ని మేలిమి అనేది. అతుకుల దగ్గర కలిపిన లోహం తగ్గిస్తుందిలెండి, పాత నగలన్నీ అంతే అని సర్దిచెప్పారు. కానీ ఆ మిషను పైపైనే చూస్తుంది, గుండు పొట్టలోకి తొంగిచూడలేదు. ముప్పై రెండు గుండ్లలో ఒకటి ఎప్పుడో దారం తెగినప్పుడు ఊడి, దూదిలో చుట్టి డబ్బాలోనే ఉండిపోయింది. దాన్ని తూచారు. గ్రామున్నర. "కాల్చి చూద్దామా?" అన్నారు. సరేనన్నాను.

లోపలి గదిలో ఒక ముసలి ఆచారి. గుండును బొగ్గు మీద పెట్టి సన్నటి మంట తగిలించాడు. కాసేపు ఏమీ కాలేదు. తర్వాత దారం పట్టే బెజ్జంలోంచి ఎర్రగా, నల్లగా ఏదో ఉబికి, బుడగ కట్టి, బొగ్గు మీదికి జారింది. గదంతా చిన్నప్పుడు పోస్టాఫీసులో పార్సిళ్ళకు సీళ్ళు వేసేటప్పటి వాసన. అరవై ఏళ్ళ పైబడి మా ఇంటి ఆడవాళ్ళ మెళ్ళో వేలాడింది ఆ వాసనా అనిపించింది. చింతపండు నీళ్ళలో కడిగి మళ్ళీ తూచారు. 0.98.

ముప్పై రెండుతో హెచ్చవేసుకోవడానికి నాకు మిషను అక్కర్లేకపోయింది. ముప్పై ఒక్క గ్రాముల చిల్లర. నాలుగు కాసులు కూడా లేదు.

"ఆ రోజుల్లోనే మోసం చేశాడన్నమాట" అన్నాను. మా అమ్మమ్మ ఊళ్ళో అరుగు మీద కుంపటి పెట్టుకుని పని చేసిన మనిషి గురించి ఆ మాటన్నాను. నేను ఆయన్ని చూసి కూడా ఎరగను.

ముసలాయన మొదటిసారి తలెత్తాడు. "లక్క లేకపోతే గుండు నిలవదమ్మా. అంత పల్చటి రేకు, కౌగిలించుకుంటే సొట్ట పోద్ది. గట్టి బంగారంతో చేస్తే ఆ సైజుకి మెడ వంగిపోద్ది. లక్క పోస్తానని చెప్పే పోస్తారు, విననోళ్ళ తప్పు" అన్నాడు. ఆ గుండు ఉత్తది ఎంత తేలిగ్గా ఉందో వేళ్ళ మధ్య నొక్కి చూపించబోయి, మళ్ళీ నా మొహం చూసి మానేశాడు.

అప్పుడర్థమైంది, దేనికని ఎందుకడిగారో. ఇదే పేరు బ్యాంకులో తాకట్టు పెడితే లక్క తీసేసి బంగారం మటుకే లెక్క. అమ్మబోతే అందులోంచి మళ్ళీ తరుగు. బీమాకైతే పోయిన నగను ఇవాళ మళ్ళీ చేయించుకోవాలంటే ఎంతవుతుందని చూస్తారు. బంగారం, మజూరీ, మూడు శాతం జీఎస్టీ. అలాంటి గుండ్లు చేసే చెయ్యి దొరకడమే కష్టమని మజూరీ ధారాళంగానే వేశారు. పంపకాలకైతే ఏం రాసేవారో నేను అడగలేదు.

ఇంటికొస్తూ ఆటోలో మాత్రం పంపకాల లెక్కే వేశాను. రెండు కాసుల పైన తేడా. చెల్లి నాను గట్టి అల్లిక, లక్క పట్టే సందే లేదు. అమ్మ మీద కోపమొచ్చింది. బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్ పడితే గానీ ఇంకో సంగతి గుర్తు రాలేదు. "పెద్దదానివి, ముందు నువ్వు తీసుకో" అంది అమ్మ. మెడ నిండుగా ఉంటుందని గుండ్లపేరు మీద చెయ్యి వేసింది నేనే.

ఆ నిండుతనమైనా ఏం వాడుకున్నాను? లాకరు తాళం తిప్పడానికి బద్ధకించి, పెళ్ళిళ్ళకు చిలకలపూడి గుండ్లపేరు వేసుకెళ్తున్నాను. దానికి బీమా లేదు, బెంగా లేదు. బాగుందన్నవాళ్ళే అందరూ.

రాత్రి చెల్లి హైదరాబాదు నుంచి ఫోన్ చేసింది. ఎంతకి కట్టారని అడిగితే గాజులు, దుద్దులు అన్నీ కలిపిన మొత్తం చెప్పాను. "అబ్బో!" అంది. తను కూడా చేయించుకోవాలంది. "నీ కాగితం ఫోటో తీసి పంపక్కా, నా నానుకీ అదే వేసుకుంటా. రెండూ ఆరేసి కాసులే కదా."

"అలా ఒప్పుకోరే. నీది నువ్వు తూయించుకోవాలి" అన్నాను.

"మళ్ళీ తూచడమెందుకూ? అమ్మ తూచిందిగా!"