ఉపేక్ష అనే ఉపాయం

మన పూర్వులు రాజనీతిని సామ దాన భేద దండాలతో ముగించలేదు. మాయ, ఉపేక్ష, ఇంద్రజాలం అని మరి మూడింటిని చేర్చి ఉపాయాలను ఏడు చేశారు. డిగ్రీ తరగతిలో ఈ ఏడింటినీ వివరించవలసి వచ్చినప్పుడు విద్యార్థులు ఆరింటిని సులభంగానే గ్రహిస్తారు. ఉపేక్ష దగ్గర ఆగిపోతారు. "ఏమీ చెయ్యకుండ ఊకుండుడు ఉపాయమెట్లయితది సార్?" అని నిరుడు ఒక విద్యార్థిని అడిగింది. న్యాయమైన ప్రశ్న. దానికి కావ్యాలలో కంటె, మన దేశంలో హైకోర్టు న్యాయమూర్తుల పదవులు ఖాళీగా వుండే తీరులో మంచి జవాబు దొరుకుతుంది.

ముందుగా ఒక సాదా విషయం. హైకోర్టు న్యాయమూర్తి అరవై రెండేళ్ళకు పదవీ విరమణ చేస్తాడు. 1963లో రాజ్యాంగానికి జరిగిన పదిహేనవ సవరణతో ఈ వయసు అరవై నుండి అరవై రెండుకు పెరిగింది. అంటే ఏ కుర్చీ ఏ తారీకున ఖాళీ అవుతుందో, ఆ మనిషి ప్రమాణం చేసిన రోజుననే లెక్క కట్టవచ్చు. మరణాలూ, రాజీనామాలూ, పై కోర్టుకు పోవడాలూ తప్ప తక్కిన ఖాళీలలో ఆకస్మికమైనది ఏదీ లేదు. నియామక విధానపత్రం ప్రకారం ఖాళీకి ఆరు నెలల ముందే హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి పేర్లు పంపాలి. ముఖ్యమంత్రి, గవర్నరుల అభిప్రాయాలతో అవి ఢిల్లీకి పోతాయి. గూఢచారి శాఖ విచారిస్తుంది. సుప్రీంకోర్టులోని ముగ్గురు పెద్ద న్యాయమూర్తుల కొలీజియం పరిశీలిస్తుంది. చివరకు కేంద్ర న్యాయశాఖ రాష్ట్రపతి సంతకానికి పంపుతుంది. ప్రభుత్వం అభ్యంతరం చెప్పిన పేరునే కొలీజియం మరల పంపితే ప్రభుత్వం ఒప్పుకొని తీరాలన్నది 1993 నాటి తీర్పుతో స్థిరపడిన సూత్రం. ఒప్పుకోవాలన్నారు గాని ఎన్నాళ్ళలో అన్నది చెప్పలేదు. 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు గడువులు కూడా పెట్టింది: గూఢచారి శాఖకు నాలుగు నుండి ఆరు వారాలు, ఆ పిదప ప్రభుత్వానికి ఎనిమిది నుండి పన్నెండు వారాలు, మరల పంపిన పేరుకు మూడు నాలుగు వారాలు. గడువు దాటితే ఏమి జరుగుతుందో మాత్రం చెప్పలేదు. ఉపేక్ష ప్రవేశించే ద్వారం అదే.

ఈ ఉపేక్ష గుడ్డిది కాదు. మనిషిని చూసి మరీ వాలుతుంది. 2023 జనవరిలో కొలీజియం కొన్ని పేర్లపై ప్రభుత్వం చెప్పిన అభ్యంతరాలను బయటపెట్టింది. బొంబాయికి ప్రతిపాదించిన సోమశేఖర్ సుందరేశన్ సామాజిక మాధ్యమాలలో తన అభిప్రాయాలు రాశారట. మద్రాసుకు ప్రతిపాదించిన ఆర్. జాన్ సత్యన్ ప్రధానమంత్రిని విమర్శించే వ్యాసాన్ని నలుగురితో పంచుకున్నారట. ఢిల్లీకి ప్రతిపాదించిన సౌరభ్ కిర్పాల్ తన స్వలింగ సంబంధాన్ని దాచుకోలేదట. మూడు పేర్లనూ కొలీజియం మరల పంపింది. సుందరేశన్ ఆ ఏడు నవంబరులో న్యాయమూర్తి అయ్యారు. తక్కిన ఇద్దరికీ 2024 ముగిసే నాటికి కూడా ఉత్తర్వు రాలేదు. కాదని ఎవరూ అనలేదు. అంటే కారణం చెప్పాలి. ఊరకున్నవాడు కారణం చెప్పనక్కరలేదు.

తక్కిన ఉపాయాలూ లేకపోలేదు. ఒకే జాబితాలో వచ్చిన పేర్లను చీల్చి, కొందరిని ముందు నియమించి కొందరిని ఆపితే ఆగినవారి సీనియారిటీ పోతుంది. అది భేదం. కారణం చెప్పని బదిలీ దండం. 2022 నవంబరులో జస్టిస్ ఎ. అభిషేక్ రెడ్డిని పాట్నాకు బదిలీ చేయాలన్న సిఫారసును నిరసిస్తూ తెలంగాణ హైకోర్టు న్యాయవాదులు విధులు బహిష్కరించారు. ఇక పదవీ విరమణ తర్వాత అందే పదవులు వున్నాయి. 2023 జనవరి 4న సుప్రీంకోర్టు నుండి విరమించిన జస్టిస్ అబ్దుల్ నజీర్ ఆ ఫిబ్రవరిలోనే ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా నియమితులయ్యారు. ఆ ఒక్కరి మనసులో ఏమున్నదని నేను అడగను. అటువంటి పదవి ఎదుట కనబడుతుండగా ప్రభుత్వంపై తీర్పు చెప్పవలసివచ్చే వందలమంది మనసుల మాట ఏమిటని మాత్రం అడుగుతాను.

ఢిల్లీ ఫైళ్ళ మాట మల్లాపూర్‌లో కూర్చున్న తెలుగు ఉపన్యాసకునికి ఎందుకని పాఠకులు అడగవచ్చు. ఆ ఫైళ్ళ బరువు మా మీద పడుతున్నది గనుకనే. నాతో పనిచేసే ఒక మిత్రుడు తన ఉద్యోగానికి సంబంధించి ఆరేళ్ళ క్రితం హైకోర్టులో రిట్టు వేశాడు. విచారణ జాబితాలో అతని కేసు ఎప్పుడో ఒకప్పుడు కనిపిస్తుంది. వరుస సంఖ్య నూరు దాటి వుంటుంది. ఆ రోజు అతడు సెలవు పెట్టి, తెల్లవారుజాము బస్సెక్కి హైదరాబాదు పోతాడు. సాయంత్రం వకీలు "ఇయ్యాల మనదాంక రాలేదు" అంటాడు. మొదట్లో కోర్టును తిట్టేవాడు. తర్వాత వకీలును తిట్టాడు. ఇప్పుడు తన నుదుటిరాతను తిట్టుకుంటున్నాడు. ఉపేక్ష సాధించే అసలు విజయం ఇదే. కుర్చీని ఖాళీగా వుంచినవాడెవడో కనబడడు గనుక బాధితుని కోపం చివరకు తన మీదికే తిరుగుతుంది. 2021 జూన్‌లో తెలంగాణ హైకోర్టు న్యాయమూర్తుల సంఖ్యను 24 నుండి 42కు పెంచినప్పుడు అతడు మాకందరికీ మిఠాయి పెట్టాడు. కుర్చీల సంఖ్య పెరగడం వేరు, కుర్చీలు నిండడం వేరు అని ఆ తర్వాత తెలిసివచ్చింది.

కాలం ఎవరి పక్షమో మా మండలంలో ఎవరినడిగినా చెబుతారు. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ ఇక్కడిదే. 2002లో నిజాం షుగర్స్‌లో 51 శాతం వాటా ప్రైవేటువారి చేతికి పోయింది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతబడింది. ఆ పిదప దాని వ్యవహారం కంపెనీ ట్రిబ్యునలుకు ఎక్కింది. ఈ దుర్గతిని హైకోర్టు ఖాళీల ఖాతాలో వేస్తే అది అతిశయోక్తి అవుతుంది. అయితే ఒక సంగతి నేర్చుకోవచ్చు. యంత్రానికి తుప్పు పట్టడానికి తీర్పు అక్కరలేదు, వాయిదా చాలు. చెరకు రైతు ఒక ఏడు ఆగుతాడు, రెండేళ్ళు ఆగుతాడు. మూడో ఏడు పసుపో మక్కో వేసుకుంటాడు. కార్మికుడు మస్కట్‌కో దుబాయికో పోతాడు. కలిగినవాడికి ఆలస్యం ఒక ఆస్తి. లేనివాడికి అది శిక్ష.

ఇదే విషయాన్ని మా ఉపాధ్యాయుల గదిలో ఒకనాడు ప్రస్తావించాను. వయసులో నాకంటె పెద్దవాడూ, సంఘంలో ఎన్నో దెబ్బలు తిన్నవాడూ అయిన ఒక మిత్రుడు నవ్వి, "తమ్మీ, ఆ కుర్చీల ఎవడు కూసుంటే మనకేంది? వర్గ సమాజంల కోర్టు వర్గ కోర్టే గద" అన్నాడు. ఈ వాదాన్ని తేలికగా కొట్టివేయలేము. దీనికి గౌరవనీయమైన చరిత్ర వున్నది. న్యాయవ్యవస్థకు వర్గస్వభావం వున్నదని 1967లో కేరళ ముఖ్యమంత్రిగా చెప్పినందుకు ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్‌పై కోర్టు ధిక్కార నేరం మోపారు. హైకోర్టు వేయి రూపాయల జరిమానా విధించింది. 1970లో సుప్రీంకోర్టు శిక్షను నిలిపి, జరిమానాను యాభై రూపాయలకు తగ్గించింది. తొమ్మిది వందల యాభై తగ్గింది గాని ప్రశ్న తగ్గలేదు.

అయినా ఆ మిత్రునితో నేను ఏకీభవించలేను. జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను 1978లో కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించిన తర్వాత ఈ పల్లెలు ఏమేమి చూశాయో మా పెద్దలు చెప్పగా విన్నాను. రాత్రి ఎత్తుకుపోయిన కొడుకు ఎక్కడ వున్నాడో చెప్పండని అడగడానికి తల్లికి మిగిలిన తలుపు హెబియస్ కార్పస్ ఒక్కటే. ఆ తలుపు తెరుచుకుంటుందన్న హామీ లేదు. తెరవవలసిన మనిషే లేని కోర్టులో మాత్రం తట్టడం కూడా వృథా. కోర్టు వర్గస్వభావం తెలిసినవాడు దానికి పూజ చేయడు, నిజమే. అంతమాత్రాన దానిని శత్రువుకు అప్పగించి ఇంటికి రాడు.

మన పక్షం వారు ఈ కుర్చీల వ్యూహంలో ఒకసారి స్వయంగా దిగారు. ఆ అనుభవాన్ని మనం తగినంతగా చర్చించలేదని నా అభిప్రాయం. 1967 ఫిబ్రవరిలో గోలక్‌నాథ్ కేసులో ప్రాథమిక హక్కులను పార్లమెంటు తగ్గించరాదని తీర్పు వచ్చింది. ఆస్తిహక్కు కూడా అప్పుడు ప్రాథమిక హక్కే. ఆ తీర్పుకు నాయకత్వం వహించినవారు మన తెలుగువారైన కోకా సుబ్బారావుగారు. ఆ ఏడే ఆయన పదవి వదలి ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికలో నిలబడి ఓడిపోయారు. 1970లో బ్యాంకుల జాతీయీకరణ చట్టాన్నీ, రాజభరణాల రద్దు ఉత్తర్వునూ సుప్రీంకోర్టు కొట్టివేసింది. అభ్యుదయవాదులకు కోపం రావడంలో వింత లేదు. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి తీర్పు వెలువడింది. ఆ మర్నాడే షెలాత్, హెగ్డే, గ్రోవర్ అనే ముగ్గురు సీనియర్లను దాటి ఎ.ఎన్. రేను ప్రధాన న్యాయమూర్తిగా ప్రకటించారు. ముగ్గురూ రాజీనామా చేశారు. ఒకప్పటి కమ్యూనిస్టు, అప్పటి ఉక్కు గనుల మంత్రి మోహన్ కుమారమంగళం పార్లమెంటులో దీనిని సమర్థించారు. న్యాయమూర్తి దృక్పథాన్ని కూడా చూసి నియమించే హక్కు ప్రభుత్వానికి వున్నదన్నారు. మన వారెందరికో ఆ మాట నచ్చింది. ఆస్తిపరుల కోటలో మనవాడొకడు కాలు పెట్టాడనుకున్నారు.

మూడేళ్ళు తిరిగేసరికి లెక్క తేలింది. ఎమర్జెన్సీలో నిర్బంధించినవారు కోర్టుకు పోవచ్చునని తొమ్మిది హైకోర్టులు చెప్పాయి. 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు ఆ తలుపు మూసివేసింది. మూసిన నలుగురిలో రే ఒకరు. ఒంటరిగా కాదన్న హెచ్.ఆర్. ఖన్నాను 1977లో దాటివేసి, ఆయన కంటె జూనియరును ప్రధాన న్యాయమూర్తిని చేశారు. ఇక హైకోర్టుల వంతు. 1976లో పదహారుమంది న్యాయమూర్తులను వారి అంగీకారం లేకుండా బదిలీ చేశారు. పేదల పక్షపాతిగా పేరున్న మన చిన్నపరెడ్డిగారిని పంజాబు హర్యానాకు పంపారు. గుజరాతు నుండి సంకల్‌చంద్ సేఠ్‌ను మన ఆంధ్రప్రదేశ్‌కు పంపారు. ఆయన ఆ ఉత్తర్వుపైనే కోర్టులో పోరాడారు. ఈ పరిణామాలు చూడడానికి కుమారమంగళం జీవించి లేరు. 1973 మే నెలాఖరున విమాన ప్రమాదంలో మరణించారు. జైళ్ళలోని అభ్యుదయవాదులు మాత్రం చూశారు.

ఇందులోని పాఠం స్పష్టం. ఖాళీ కుర్చీలో మనకు నచ్చినవాడిని కూర్చోబెట్టే దొడ్డిదారిని ఎవరు తెరిచినా, ఆ దారి అధికారంలో వున్న ప్రతివాడికీ దారే అవుతుంది. ఆనాడు "దృక్పథం" అన్న మాటకు సోషలిజం అర్థం. సామాజిక మాధ్యమంలో ఒక వ్యాసం పంచుకున్నవాడు పనికిరాడని 2023లో చెప్పినప్పుడూ చూసింది దృక్పథాన్నే.

మరి న్యాయమూర్తులే న్యాయమూర్తులను ఎంపిక చేసే పద్ధతి మేలా? 1993 నుండి నడుస్తున్నది అదే. 2014లో పార్లమెంటు తొంభైతొమ్మిదవ సవరణతో జాతీయ నియామకాల కమిషన్ పెట్టింది. 2015 అక్టోబరు 16న సుప్రీంకోర్టు నాలుగు ఒకటిగా దానిని కొట్టివేసింది. ఆ ఒక్కరు కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ చలమేశ్వర్. కొలీజియం చీకటిలో పనిచేస్తున్నదన్న ఆయన విమర్శకు ఎంపికల ఫలితమే సాక్ష్యం. 2018 నుండి 2022 డిసెంబరు దాకా హైకోర్టులకు నియమితులైన 537 మందిలో 79 శాతం జనరల్ వర్గంవారు, వెనుకబడినవారు 11 శాతం, దళితులు 2.8, ఆదివాసులు 1.3. పార్లమెంటు సంఘానికి న్యాయశాఖ ఇచ్చిన లెక్క ఇది. ప్రభుత్వం, కొలీజియం ఎంత పోట్లాడుకున్నా ఈ అంకెల దగ్గర మాత్రం వారి మధ్య గొప్ప శాంతి నెలకొన్నది. కుర్చీ ఎవరి పిడికిట్లో వుండాలన్నదే వారి తగాదా. కుర్చీ ఎదుట నిలబడేవాడు ఆ తగాదాలో పార్టీ కాడు.

ఈ జాడ్యం మనదొక్కటే కాదు. అమెరికాలో 2016 ఫిబ్రవరిలో జస్టిస్ స్కాలియా మరణించగా ఒబామా మెరిక్ గార్లండ్‌ను ప్రతిపాదించాడు. ఎన్నికల ఏడు కదా అని సెనేటులోని ప్రతిపక్షం విచారణే జరపక 293 రోజులు గడిపింది. 2020 సెప్టెంబరు 18న జస్టిస్ గిన్స్‌బర్గ్ మరణిస్తే, ఎన్నికలకు వారం ముందు, అక్టోబరు 26న అదే పక్షం తనవారిని ఆ స్థానంలో ధ్రువీకరించింది. సిగ్గులేనితనం ఎంతైనా, అక్కడ కుర్చీని ఎవరు ఆపారో ప్రతి ఓటరుకూ తెలుసు. మన ఖాళీ ఎవరి బల్లమీద ఎన్నాళ్ళుగా వున్నదో మనకు తెలియదు.

మన సాహిత్యం కూడా ఈ చీకటిని తాకలేదు. కన్యాశుల్కంలో వకీళ్ళున్నారు. స్వయంగా వకీలైన రావిశాస్త్రిగారు సాక్షినీ, పోలీసునూ, మేజిస్ట్రేటునూ కళ్ళకు కట్టారు. పై కుర్చీని ఎవరు నింపుతారన్న ప్రశ్న నేను చదివిన తెలుగు కథలో ఎక్కడా ఎదురు కాలేదు. మనం అడగని ప్రశ్నకు వారు జవాబు చెప్పరు.

కనుక మన సంఘాలు, మన విద్యార్థులు అడగవలసినవి అయిదే. పేరు పంపిన తారీకు నుండి ప్రతి మజిలీకీ చట్టంలో గడువు వుండాలి. గడువు దాటిన మౌనాన్ని అంగీకారంగా లెక్కించాలి. ఏ ఫైలు ఎవరి దగ్గర వున్నదో ప్రజలకు చూపాలి. పేరు కాదన్నా, న్యాయమూర్తిని బదిలీ చేసినా కారణం రాతలో చెప్పాలి. దళితులు, ఆదివాసులు, వెనుకబడినవారు, స్త్రీలు ఎందరు ఎంపికయ్యారో ప్రతి జాబితాతోనూ ప్రకటించాలి. ఇవి విప్లవం కావు. ఇవి వచ్చినంత మాత్రాన కోర్టు పేదవాని ఇల్లు కాదు. అయితే ఉపేక్షకు వున్న ముసుగు తొలగిపోతుంది. ఊరకుండడం కూడా ఒక పని అనీ, ఆ పని చేసినవానికి పేరూ హోదా వున్నాయనీ లోకానికి తెలుస్తుంది. అప్పుడు నా మిత్రుడు తిట్టవలసింది తన నుదుటిరాతను కాదు.